పొరుగింటి కొబ్బరిచెట్టు

పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు గాని, పొరుగింటి కొబ్బరిచెట్టు సంగతి ఎవరూ చెప్పలేదు. మా కోనసీమలో ఆ చెట్టు పుట్టేది వాళ్ళ దొడ్లో, వంగేది మన దొడ్లోకి. కాయ రాలి మనవైపు పడితే "మాదేనండీ" అని గోడమీంచి చెయ్యి చాస్తారు. మట్ట పడి మన పెంకులు పగిలితే మటుకు "గాలొచ్చిందండీ, మేమేం చేస్తాం? ఆయ్!" అంటారు. మలికిపురంలో ఏ వీధిలో వాకబు చేసినా ఇలాంటి తగువు ఒకటైనా బయటపడుతుంది.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కాని 1996 నవంబరు 6 రాత్రి గుర్తున్నవాళ్ళు అంత తేలిగ్గా నవ్వలేరు. కాకినాడకి దక్షిణాన తుఫాను తీరం దాటిన ఆ రాత్రి వెయ్యిమందికి పైగా పోయారు. లక్షల కొబ్బరిచెట్లు కూలిపోయాయి. అంతటి ఉపద్రవంలో ఎవరి చెట్టు ఎవరి ఇంటిమీద పడిందని ఎవర్ని నిలదీస్తాం? చట్టం కూడా అలాంటిదాన్ని దైవకృతం అంటుంది. దేవుడిమీద దావా వెయ్యలేం కదా!

మరి గాలీ వానా లేని రోజున పడితే?

ఈ ప్రశ్నకి దగ్గరి చుట్టం లాంటి పాత వ్యాజ్యం ఒకటి మన తెలుగువాళ్ళదే ఉంది. అందులో చెట్టు లేదు, చెరువులున్నాయి. 1868లో ఇంగ్లండులో ఒక తీర్పు వచ్చింది. ఒక మిల్లు యజమాని తన అవసరానికి చెరువు కట్టించుకుంటే, ఆ నీరు పక్కాయన బొగ్గుగనిలోకి పోయింది. నీ స్థలంలోకి ప్రమాదకరమైనదాన్ని తెచ్చిపెట్టుకుంటే, అది కట్టు తెంచుకున్నప్పుడు నష్టం నీదే, నీ తప్పు ఉన్నా లేకపోయినా, అన్నారు ప్రభువుల సభవారు. ఆ తరవాత ఇక్కడ చిత్తూరు వైపు కార్వేటినగరం జమీందారుగారి చెరువులు భారీవానకి తెగి రైలు కట్టడాలు దెబ్బతిన్నాయి. మద్రాసు రైల్వే కంపెనీ ఆ ఇంగ్లండు తీర్పునే చేతబట్టుకుని దావా వేసింది. అది లండనులో ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. 1874లో వాళ్ళు చెప్పిందేమిటంటే, ఈ చెరువులు జమీందారు సరదాకి తవ్వించుకున్నవి కావు, తరతరాలుగా జనానికి తిండి పెడుతున్నవి, వాటిని కాపాడటం అతని విధి, అందుచేత అజాగ్రత్త రుజువైతే తప్ప బాధ్యత లేదు, అని. చదివినప్పుడు నాకు ముచ్చటేసింది. జమీందారు గెలిచాడని కాదండోయ్, చెరువు గెలిచిందని!

చెట్టు విషయంలోనూ చివరికి తూకం అక్కడే నిలిచింది. 1926లో ఇంగ్లండులోనే ఒక బీచ్ చెట్టు కొమ్మ ప్రశాంతంగా ఉన్న రోజున హఠాత్తుగా విరిగి రోడ్డుమీద పోతున్న బస్సుమీద పడింది. లోపం లోపలెక్కడో ఉంది, పైకి ఎవరికీ కనపడేది కాదు, కాబట్టి యజమానిని తప్పుపట్టలేం అన్నారు. అంటే చెట్టు ఎవరిదన్నది సగం ప్రశ్నే. తెలిసి ఊరుకున్నాడా, చూస్తే తెలిసేదాన్ని చూడకుండా ఊరుకున్నాడా అన్నది అసలు ప్రశ్న.

మన దేశంలో ఈ ప్రశ్నకి జవాబు కోసం ఇద్దరు ఇల్లాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళవలసి వచ్చింది. 1975లో రాజ్‌కోట్‌లో ఒకాయన నడిచి ఆఫీసుకి వెళుతుంటే రోడ్డు పక్క చెట్టు మీద పడి చనిపోయాడు. భార్య మునిసిపాలిటీమీద దావా వేసి కింది కోర్టులో గెలిచింది. 1997లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. ఆ చెట్టు పడబోతున్నదని మునిసిపాలిటీకి ముందుగా తెలిసే వీలు లేదన్నది. ఇంకొకామె ఢిల్లీ ఇల్లాలు. 1964లో ఆమె భర్త స్కూటరుమీద వెళుతుంటే వేపకొమ్మ విరిగి తలమీద పడింది. ఆ చెట్టు ఎండి చచ్చినది. తోటల శాఖవాళ్ళు అప్పుడప్పుడూ చూసుకుంటే తెలిసేదే. 1999లో సుప్రీంకోర్టు కార్పొరేషనే బాధ్యురాలంది. లెక్కవేసుకోండి, ముప్పైఅయిదేళ్ళు! ఒకామె ఓడింది, ఒకామె గెలిచింది. ఇద్దరి మధ్యా తేడా చెట్టు పచ్చిదా ఎండుదా అన్నదే. భర్తని పోగొట్టుకున్న మనిషికి ఆ తేడా ఎలా నచ్చచెబుతామో నాకయితే తెలియదు.

పడకముందే ఆపడానికి దారి లేకపోలేదు. పడబోయే చెట్టుని తీయించమని మేజిస్ట్రేటు ఆజ్ఞ ఇవ్వవచ్చు. చాలాకాలం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 133వ సెక్షను. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో 152వది. గోడ దాటిన కొమ్మని అవతలివాళ్ళకి చెప్పకుండా కూడా మనవైపు నిలబడి కొట్టేసుకోవచ్చని 1895 నాటి ఇంగ్లీషు తీర్పు. కొట్టిన కొమ్మకున్న పండ్లు మటుకు చెట్టుగలవాళ్ళవేనని 1919లో ఇంకో తీర్పు. అంటే మా వీధివాళ్ళు "మాదేనండీ" అనడం న్యాయమేనన్నమాట! కాని ఈ దొరల చెట్లన్నీ కొమ్మల చెట్లు. కొబ్బరికి కొమ్మలేవీ? ఉన్నదొక్క తల. గోడ దాటిన మేరకి నరకాలంటే చెట్టు ప్రాణం తీయడమే.

పైగా ఎర్రముక్కు పురుగు లోపల తొలిచేస్తున్నా, చాలాకాలం మొవ్వు పచ్చగానే కనబడుతుంది. కేశనపల్లి వైపు శంకరగుప్తం డ్రెయిను పొంట ఉప్పునీరు ఎక్కి తలలు రాలిపోయిన మోడుల సంగతి వేరు. అవి ఎండినవని చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. చట్టం ప్రకారం "నాకు తెలియద"ని ఆ రైతు అనలేడు. కాయ రాబడి పోయి ఏళ్ళయిన మనిషి ఆ మోడులు కొట్టించే కూలి ఎక్కణ్ణుంచి తెస్తాడు? వాటి పక్కనే పాక వేసుకున్నవాళ్ళు ఎవరితో చెప్పుకుంటారు?

ఇవన్నీ చదివాక మా పక్కింటి వదినగారికి ఒక కాగితం రాశాను. మీ చెట్టు మా వంటింటిమీదకి ఒరిగింది, ఒకసారి చూపించండి అని, కింద తేదీ వేసి. నోటితో చెబితే గాలికి పోతుంది, రాసి ఇస్తే తెలియదనడానికి ఉండదని నా ఆలోచన. "ఇదేంటండీ, కోర్టు కాగితంలా ఉంది!" అని ఆవిడ నవ్వారు. మర్నాడు దింపు తీసే మనిషిని పిలిపించారు. అతను చెట్టెక్కలేదు. కత్తి వెనకవైపుతో మానుని నాలుగుచోట్ల కొట్టి, చెవి ఆనించి విన్నాడు. "ఇది డొల్లండి, నేనెక్కను," అన్నాడు.