పికప్ బండికి ఫాగ్ లైట్లు ఇంటి దగ్గరే బిగించుకోవాలంటే

పీర్జాదిగూడ నుంచి ఘట్‌కేసర్, బీబీనగర్ మీదుగా భువనగిరి, వరంగల్ వైపు పికప్ నడిపేవాళ్లకు డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కూరగాయలకో, కోళ్ల లోడుకో ఫజర్ కంటే ముందే బండి తీస్తారు. చెరువుల పక్కన పొగమంచు దట్టంగా ఉంటుంది. అప్పుడు హై బీమ్ వేస్తే ముందు తెల్లటి గోడ కనిపిస్తుంది తప్ప రోడ్డు కనిపించదు. మంచులోని నీటి తుంపరలు వెలుతురును తిప్పి డ్రైవర్ కళ్లలోకే కొడతాయి. ఫాగ్ లైటు కింద ఉండి, నేలకు దగ్గరగా వెడల్పుగా వెలుగునిస్తుంది. రోడ్డు అంచు, తెల్ల గీత తెలుస్తాయి, అంతే. దూరం చూపించదు. లైట్లున్నాయి కదా అని 60లో పోతే ఆగి ఉన్న లారీ దగ్గర బ్రేక్ అందదు.

రాణిగంజ్‌లోనో, పుత్లీబౌలీలోనో కొనేటప్పుడు తెలుపు లేదా పసుపు జత తీసుకోండి. క్యాబిన్ పైన పెట్టే ఎల్‌ఈడీ బార్ ఫాగ్ లైటు కాదు, మంచులో అది ఇంకా నష్టం. హెడ్‌లైట్ల కంటే కిందనే, బంపర్ దగ్గర బిగించాలి. ముందువైపు ఎర్ర లైటు పెట్టడం చట్టప్రకారం తప్పు.

ఇక అసలు సంగతి వైరింగ్. హాలోజన్ బల్బు ఒక్కోటి 55 వాట్లు అనుకుంటే రెండూ కలిపి 110. 12 వోల్టుల బ్యాటరీ మీద అది 9 ఆంపియర్లు దాటుతుంది. చాలామంది హెడ్‌లైట్ వైరుకే తొడిగేస్తారు. ఆ వైరు ఇంత కరెంటుకు వేసింది కాదు. వేడెక్కి తొడుగు కరిగితే ఇంటిని నడిపే బండే తగలబడుతుంది. అందుకే రిలే తప్పనిసరి. వంద, రెండొందలు మిగులుతాయని దీన్ని మానేయకండి భాయ్.

ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. నాలుగు పిన్నుల రిలేలో 30 నంబరుకు బ్యాటరీ ప్లస్ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు రావాలి, దానికి 15 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. ఫ్యూజు దూరంగా పెడితే మధ్యలో వైరు రాసుకున్నా అది కాపాడదు. 87 నుంచి రెండు లైట్లకు. 86కు పార్కింగ్ లైటు వైరు నుంచి స్విచ్ మీదుగా. అలా చేస్తే బండి లైట్లు ఆర్పగానే ఇవీ ఆరిపోతాయి, బ్యాటరీ దిగదు. 85 బాడీ ఎర్తుకు. లైట్ల రెండో వైర్లు కూడా ఎర్తుకే, అక్కడ పెయింటు గీకి బోల్టు బిగించాలి. మినుకుమినుకుమంటే ముందు అనుమానించాల్సింది ఈ ఎర్తునే. క్యాబిన్‌లోకి వైరు పోయే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ వేయండి. సైలెన్సర్ పైపుకు, ఫ్యానుకు దూరంగా ట్యాగులతో కట్టండి.

తర్వాత గోడకు 25 అడుగుల దూరంలో చదునైన చోట బండి ఆపండి. వెలుగు పై అంచు లైటు ఎత్తుకంటే 4 అంగుళాలు కిందికి పడాలి. ఇది ఖాళీ బండితో చూడకండి. వెనక లోడు పడితే ముందు లేస్తుంది, వెలుగు ఎదుటి బైకువాడి కళ్లలో పడుతుంది. రోజూ వేసే లోడుతోనే సరిచేసుకోండి. మంచు విడిపోగానే ఆర్పేయండి. ఓ వారం తిరిగాక బోల్టులు మరోసారి బిగించి, ఫ్యూజు దగ్గర వైరు వేడెక్కుతోందేమో చేత్తో ముట్టి చూడండి.