పురిటిమూట గడప దాటిన కథ

చరిత్ర యనగా రాజులు, యుద్ధములు, కోటలు మాత్రమే యని తలంచువారికి నేటి నా విషయము మిక్కిలి చిన్నదిగా తోచవచ్చును. ప్రసవమునకు ముందు గర్భిణికొరకు ఇంటివారు కట్టి యుంచు మూటను గూర్చి మనవి చేయదలచితిని. అందులో నేమి యుండెను, అది యెన్నడు గడప దాటి ఆసుపత్రికి పోయెను అను ప్రశ్నలలో మన స్త్రీల చావుబ్రతుకుల చరిత్ర చాలవఱ కిమిడి యున్నది.

పూర్వము ఆ మూట ఇల్లు కదలెడిది కాదు. తొలిచూలు పిల్లను పుట్టింటికి తెచ్చిన పిదప తల్లి పాత నూలుచీరలు చింపి పొత్తిగుడ్డలు సిద్ధము చేయును. ఆముదము, వాము, సొంఠి, సాంబ్రాణి, కుంపటికి బొగ్గులు సమకూర్చును. పాత నూలుగుడ్డ మెత్తనిది, పసిబిడ్డ యొడలికి ఒరయదు. ఆ తెలివిని నేను తప్పుపట్టను. కాని పురుడు మైల గనుకను, ఆ గుడ్డలు మరల ఇంటిలో వాడరు గనుకను, మంచివి దాచి మాసి మూలబడినవే పురిటిగదికి విడిచిన యిండ్లు పెక్కు. మఱియు ఆ మూటలో బొడ్డు కోయుటకు ప్రత్యేకమైన శుభ్రసాధన ముండెడిది కాదు. చేతి కందిన కొడవలియో, వెదురుబద్దయో ఆ పని చేసెడిది. కోసినచోట బూడిదయో, పేడయో అద్దువారును ఉండిరి. ధనుర్వాతమునకు కారణమగు సూక్ష్మజీవి మట్టిలోను, పశువుల పేడలోను ఉండును. అది బొడ్డు గాయములో ప్రవేశించెనా, పుట్టినప్పుడు చక్కగా పాలు కుడిచిన బిడ్డ వారము తిరుగునంతలో దవడలు బిగిసి, ఒడలు విల్లువలె వంగి మరణించును. దానిని బాలగ్రహమనియు, దిష్టి యనియు నెంచి తాయెత్తులు కట్టిరి. మంత్రసానిని మాత్రము నేను నిందింపను. అర్ధరాత్రి పిలిచినను వచ్చి, నాలుగు గింజలకును పాతచీరకును అంత పని చేసిన దామె. సూక్ష్మజీవి మాట ఆమెకు చెప్పినవారు లేరు.

చెప్పినను వినని వైద్యులు యూరపులోనే యుండిరి. 1847 లో వియన్నా నగరపు పెద్ద ఆసుపత్రిలో రెండు పురిటిశాలలుండెను. ఒకదానిలో మంత్రసానులు, వేఱొకదానిలో శవములను కోసి పరీక్షించి నేరుగా వచ్చు వైద్యులును విద్యార్థులును పురుడు పోయుచుండిరి. ఈ రెండవదానిలో ఆ యేటి ఏప్రిలు నెలలో నూటికి 18 మంది బాలెంతలు మరణించిరి. సెమ్మెల్‌వైస్ అను యువవైద్యుడు, బ్లీచింగు సున్నపు నీటితో చేతులు కడిగికొననిదే గర్భిణిని ముట్టరాదని కట్టడి చేసెను. 1848 లో ఆ మరణములు నూటికి ఒకటికంటె కొంచె మెక్కువకు దిగెను. అయినను తోడివైద్యులు పలువు రాయన మాట త్రోసివేసిరి. ఆసుపత్రి యన్న మన పూర్వులకు గల భయము వట్టి మౌఢ్యము కాదని చెప్పుటకే దీనిని తెచ్చితిని.

ఇక మన వైపు. మద్రాసులో ఎగ్మూరు ప్రసూతి ఆసుపత్రికి 1844 లోనే పునాది. గుంటూరునకు 1883 లో అన్నా కుగ్లర్ అను అమెరికా వైద్యురాలు వచ్చి, 1898 లో ఆసుపత్రి తెఱిపించెను. గోషా స్త్రీలు మగవైద్యుని కంటబడుట కొప్పని కాలమది; ఆడువైద్యురాలు గలదనుటయే పెద్ద ధైర్యము. కాని గుడ్డలమూటతోపాటు వంటపాత్రలు, బియ్యము, వండిపెట్టు తల్లియో అత్తయో, వారికి బసయు కావలసెను. పరుల వంట ముట్టరు గదా! ఏలూరు రాజావారు తమ కుటుంబమునకు ఆమె చేసిన వైద్యమునకు కృతజ్ఞులై, రోగుల బంధువుల కొరకు ఆ ఆసుపత్రి చెంత సత్రము కట్టించిరి. నా దృష్టిలో అది మందులకు తీసిపోని సాయము.

అయినను చాలకాలము గర్భిణిని ఆసుపత్రికి తెచ్చుట మంత్రసాని చేతులెత్తిన పిమ్మటనే జరిగెను. రెండుదినములు నొప్పులుపడి, బండికుదుపులు తిని, మూటయైన లేక వచ్చిన స్త్రీ మరణించినచో, ఆసుపత్రియే చంపెనని ఊరనుకొనెను. ఇట్టిమాట నా బాల్యమున మా యూర నేనును వింటిని.

పిదప మార్పు రెండు త్రోవల వచ్చెను. గర్భిణులకు ధనుర్వాతపు టీకాలు వేయుట, ఇంటి కాన్పునకైనను సబ్బు, క్రొత్త బ్లేడు, శుభ్రమైన దారము గల పొట్లము నిచ్చుట మొదటిది. పసిబిడ్డల ధనుర్వాతము వేయి జననములకు ఒకటికంటె తక్కువకు దిగినట్లు 2003 లో దేశమున మొట్టమొదట నిర్ధారింపబడిన రాష్ట్రము ఆంధ్రప్రదేశ్. దేశమంతటికి ఆ మాట 2015 లో వచ్చెను. రెండవది ఆసుపత్రి త్రోవ. 2005 లో జననీ సురక్షా యోజనయు, 108 బండియు మొదలయ్యెను. ఉమ్మడి రాష్ట్రమున 2004-06 నాటికి లక్ష జననములకు 154 మంది తల్లులు మరణించుచుండగా, 2018-20 నాటికి ఆంధ్రప్రదేశమున 45, తెలంగాణమున 43 అయ్యెను. 2017 లో తెలంగాణ ప్రభుత్వము బిడ్డబట్టలు, సబ్బు, దోమతెర గల సంచిని బాలెంతల కిచ్చుట ప్రారంభించెను.

అట్లని ఇంటి మూట అనవసరము కాలేదు. ఎనిమిదవ నెల నిండునప్పటికే తల్లీబిడ్డల కార్డు, పరీక్షల కాగితములు, ఉతికి ఎండలో ఆరవేసిన నూలుగుడ్డలు అందులో నుండవలెను. తఱచు మఱచునది రక్తము సంగతి. కాన్పు తరువాతి రక్తస్రావము గంటలలో ప్రాణము తీయును. ఆమె రక్తపు గ్రూపు ఏది, ఇచ్చువా రెవరు అని వ్రాసి మూటలో నుంచుట ఇంటి పెద్దమగవాని పని యని నా యభిప్రాయము. గుడ్డలు మడచుట ఆడువారు చూచుకొందురు. వర్జ్యము పోవువఱకు బండిని వాకిట నిలుపు పెద్దలతో నాకు పొత్తు కుదరదు.

బండి పోలేని ఏజెన్సీ కొండలలో గర్భిణులను డోలీలో మోసి దించిన వార్తలు మీరు చదివియే యుందురు. అందుచేతనే విజయనగరపు మన్యమునకు దాపున సాలూరులో గిరిజన గర్భిణులకు వసతిగృహ మేర్పఱచిరి. నొప్పులు రాకముందే, కొన్ని వారములకు సరిపడు బట్టలతో మూట కట్టుకొని, వారు కొండ దిగి వచ్చి అచ్చట నుండిరి.