సర్జన్లు వద్దన్నవాళ్ళ కోసం

గుండె నుంచి ఒంటికంతటికీ నెత్తురు వెళ్ళే ద్వారానికి మూడు పల్చటి రేకుల తలుపుంటుంది. అదే బృహద్ధమని కవాటం. వయసు మీదపడేకొద్దీ కొందరిలో ఆ రేకుల మీద కాల్షియం పేరుకుని తలుపు బిగుసుకుపోతుంది. 1960 నుంచీ దీనికి సరైన వైద్యం ఒకటే: రొమ్ము ఎముక కోసి, గుండెని ఆపి, కొత్త కవాటం కుట్టడం. చిక్కల్లా ఏమిటంటే, ఈ జబ్బు ఎక్కువగా వచ్చేదీ ముసలివాళ్ళకే, ఆ కోతని తట్టుకోలేనిదీ వాళ్ళే.

సర్జన్లు కాదన్న అలాంటివాళ్ళ కోసమే ఫ్రాన్సులోని రువాన్ నగరంలో డాక్టర్ అలాన్ క్రిబియే 1985లో ఒక బెలూన్‌ని రక్తనాళం గుండా పంపి, కవాటంలో ఉబ్బించాడు. తలుపు తెరుచుకుంది. కానీ నెలలు తిరిగేసరికి చాలామందిలో మళ్ళీ మూసుకుపోయింది. తెరిచినదాన్ని తెరిచే ఉంచడమెలా?

దారి మొదట డెన్మార్క్‌లో కనపడింది. 1989లో హెనింగ్ రూడ్ ఆండర్సన్ అనే యువ డాక్టర్ చేత్తో తీగలు వంచి స్టెంట్ తయారుచేసి, అందులో పంది కవాటాన్ని కుట్టి, బెలూన్ మీద ముడిచి, బతికున్న పందికి అమర్చాడు. ఆ వ్యాసం అచ్చయేసరికి 1992 వచ్చింది. 2000లో బాన్‌హోఫర్ పారిస్‌లో 12 ఏళ్ళ పిల్లవాడికి ఊపిరితిత్తుల వైపు కవాటాన్ని ఇలాగే అమర్చాడు.

బృహద్ధమని దగ్గర భయం ఎక్కువ. గుండెకే రక్తమిచ్చే కరోనరీల మూతులు ఆ పక్కనే ఉంటాయి. స్టెంట్ వాటికి అడ్డుపడితే ప్రాణమే పోతుంది. క్రిబియే శవాల గుండెల్లో పెట్టి చూశాడు. కొలత కుదిరితే అడ్డురాదు, లాగినా తేలిగ్గా ఊడిరాదు. ఏ కాల్షియం తలుపుని బిగించిందో, ఆ కాల్షియమే స్టెంట్‌ని పట్టి ఉంచింది! అయినా కంపెనీలు ముందుకు రాలేదు. 1999లో కొందరితో కలిసి తనే ఓ చిన్న కంపెనీ పెట్టుకున్నాడు.

2002 ఏప్రిల్ 16. రోగికి 57 ఏళ్ళు. గుండె దాదాపు చేతులెత్తేసింది. సర్జన్లు వద్దన్నారు. కాళ్ళ ధమనులు పూడుకుపోవడంతో ఆ దారీ లేదు. క్రిబియే తొడ సిరలోంచి వెళ్ళి, గుండె గదుల మధ్య గోడకి కన్నం చేసి, చుట్టుతిరిగి కవాటాన్ని చేర్చాడు. రోగి తేరుకున్నాడు. కానీ కాలి జబ్బు ముదిరి, కాలు తీసేసినా పుండు మానక, 17 వారాలకి చనిపోయాడు. నాలుగు నెలల తర్వాత కూడా కవాటం మాత్రం బాగానే పనిచేస్తోంది.

దీన్ని విజయం అనొచ్చా? జవాబు 2010లో వచ్చింది. ఆపరేషన్‌కి పనికిరారన్న 358 మందిని రెండు గుంపులు చేసి చూస్తే, ఏడాదిలో మామూలు వైద్యంతో 50.7 శాతం, కొత్త కవాటంతో 30.7 శాతం చనిపోయారు. పక్షవాతం కొత్త పద్ధతిలోనే ఎక్కువ. అయినా తేడా తేడానే. మరుసటి ఏడు అమెరికా అనుమతినిచ్చింది.

2019 పరీక్షల తర్వాత ఆపరేషన్‌ని సులువుగా తట్టుకోగలవాళ్ళకీ ఇదే చేస్తున్నారు. ఎనభై దాటినవాళ్ళకి కవాటం పదేళ్ళు పనిచేస్తే చాలు. అరవైల్లో ఉన్నవాళ్ళకి అది అరిగిపోయాక ఏం చెయ్యాలన్నది వేరే లెక్క. క్రిబియే 2024లో పోయాడు. ఆ లెక్క ఇంకా తేలలేదు.