తుపాకికి కందెన: కొంత చరిత్ర, ఒక గుమాస్తా జ్ఞాపకం

ప్రత్యేక సంచికకు పాత ఉద్యోగపు రోజుల విషయం ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరినారు. నేను తాలూకా ఆఫీసులో కొంతకాలం ఆయుధ లైసెన్సుల సీటు చూచినవాడను. తుపాకి పేల్చి ఎరుగను. కాని తుపాకికి పూసే నూనె గురించి నేర్చుకొనక తప్పలేదు. ఎందువల్లనో చివర మనవి చేస్తాను.

కందెన అన్న మాట మా కంకిపాడు వారికి కొత్త కాదు. బందరు రోడ్డు మీద ఎడ్లబండ్లు నడిచిన రోజుల్లో బండి కింద వెదురు గొట్టం వేలాడుతూ ఉండేది. అందులో ఆముదం, కాల్చిన గడ్డి మసి కలిపిన కందెన. ఇరుసుకు అది చాలు. ఇరుసుకు పనికివచ్చింది తుపాకికీ పనికివస్తుందని మనవాళ్లు అనుకోవడంలో వింత లేదు. పొరపాటు అక్కడే మొదలయింది.

తుపాకికి నూనెతో రెండు పనులు. ఒకటి, కదిలే భాగాలు జారుగా ఆడడం. రెండు, ఇనుము తుప్పు పట్టకుండా ఉండడం. ఆముదం బాగా చిక్కన. దుమ్మును పట్టి ఉంచుతుంది. కొబ్బరినూనె మార్గశిరం చలికే పేరుకుంటుంది. నువ్వులనూనె గాలికి క్రమంగా జిగురెక్కి స్ప్రింగులను పట్టేస్తుంది. అవిసె నూనె ఆరి పొరకడుతుంది. కనుక అది కొయ్య మడమకు మంచిది, లోపలి యంత్రానికి చెడ్డది. జంతువుల కొవ్వు ముక్కిపోయి పులుపెక్కి లోహాన్ని తింటుంది. కిరసనాయిలు మురికిని వదిలిస్తుంది గాని చాలావరకు ఆవిరైపోతుంది, కాపలా కాయదు. భూమిలోనుంచి తీసిన పలుచని ఖనిజ తైలం, అంటే కుట్టుమిషను నూనె వంటిది, జిగురెక్కదు. అందుకే పాత నూనెలను అది వెనక్కు నెట్టింది.

ఈ కొవ్వు సంగతే మన దేశ చరిత్రను ఒక మలుపు తిప్పింది. 1853 నమూనా ఎన్‌ఫీల్డు తుపాకికి కాగితపు తూటా. దానిని పంటితో చించి మందు గొట్టంలో పోసి గుండును దిగవేయాలి. గుండు సులువుగా దిగడానికి తూటాకు కొవ్వు పూసేవారు. అది ఆవు కొవ్వు, పంది కొవ్వు అని 1857 జనవరిలో కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో పుకారు లేచింది. సిపాయిలు తమకిష్టమైన నూనె, మైనము తామే పూసుకోవచ్చునని ఆ నెలలోనే ప్రభుత్వం ఒప్పుకొన్నది. కాని అప్పటికే నమ్మకం పోయింది. ఏప్రిల్ 24న మీరట్‌లో 90 మంది ఆశ్వికులలో 85 మంది తూటాలు ముట్టుకోమన్నారు. ఆనాడు వారికిచ్చినవి పాతరకం తూటాలే! అయినా ఎవరూ నమ్మలేదు. మే 10న తిరుగుబాటు లేచింది. జూలై 17న మన హైదరాబాదులో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వంలో రెసిడెన్సీ మీద దాడి జరిగింది. తిరుగుబాటుకు కారణాలు అనేకం ఉండవచ్చు, నిప్పురవ్వ మాత్రం కందెన.

ఇక తుప్పు సంగతి. నల్లమందులో ముఖ్యభాగం సురేకారం. అది కాలిన తరువాత గొట్టంలో మిగిలే మసిలో లవణాలు ఉంటాయి. అవి గాలిలోని తేమను లాగుతాయి. పొగరాని మందు వచ్చిన తరువాత కూడా బాధ తీరలేదు. తూటా అడుగున నిప్పు పుట్టించే మందులోని పొటాషియం క్లోరేటు కాలి ఒక ఉప్పుగా మిగిలేది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. అందుకే 303 రైఫిలు పట్టిన పాత సిపాయిలు కాల్పులు అయిన తరువాత గొట్టంలో మరిగే నీళ్లు పోసి కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ పైన నూనె గుడ్డ లాగేవారు. ఇనుముకు నీళ్లా అని ఆశ్చర్యపోకండి. కడగకుండా నూనె పూస్తే ఉప్పును లోపల పెట్టి తలుపు వేసినట్లే.

ఇప్పుడు నా జ్ఞాపకం. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ఊడ్చివేసింది. ఆ తరువాతి సంవత్సరం ఒక వృద్ధ రైతు లైసెన్సు రెన్యూవలుకు తుపాకి తెచ్చినాడు. ఇల్లు పోయింది, గొడ్లు పోయినవి. తుపాకి మాత్రం బురదలో దొరికింది. రిజిస్టరులో దానిని ఎస్.బి.ఎమ్.ఎల్. అని వ్రాసేవారము, అనగా ముందునుంచి మందు కూరే ఒంటి గొట్టం తుపాకి. గొట్టం లోపల గుంటలు పడి తుప్పు పొరలుగా ఊడుతున్నది. "వారం వారం కొబ్బరినూనె పూస్తూనే ఉన్నానయ్యగారూ, ఏం లోపం చేశాను?" అన్నాడు. నాకు జవాబు తెలియదు. పనికిరాదని పైవారు చెప్పినారు, ఆ మాట కాగితం మీద వ్రాసింది నా చెయ్యి. ఆయన మారు మాట్లాడక తుపాకి అప్పగించి, కండువా దులుపుకొని వెళ్లినాడు.

కొంతకాలానికి ఒక రిటైర్డు హెడ్ కానిస్టేబులు నాకు నీళ్ల సంగతి చెప్పినాడు. సముద్రపు ఉప్పు మీద నూనె పూసినాడు ఆ పెద్దాయన, అంతే. దొరికిన రోజునే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి ఉంటే తుపాకి చాలావరకు దక్కేదని అన్నాడు. మా రిజిస్టరులో నెంబరుకు గడి ఉన్నది, తయారీకి గడి ఉన్నది. ఆ ఒక్క మాట చెప్పడానికి గడి లేదు. తరువాత వచ్చిన ప్రతివారికీ నోటితో చెప్పినాను. ఆ పెద్దాయనకు మాత్రం చెప్పలేకపోయినాను.

మన సభ్యులలో కొందరి ఇళ్లలో తాతలనాటి లైసెన్సు తుపాకులు ఉండవచ్చు. తుడిచే ముందు మందు కూరి ఉన్నదేమో తెలిసినవారిచేత చూపించండి. ముందు కడుగు, తరువాత ఆరబెట్టు, ఆఖరున పలుచగా నూనె. తోలు ఒరలో దాచవద్దు, తేమ పడుతుంది. లైసెన్సుదారు కాలం చేస్తే వారసులు అటకమీద ఉంచుకొనరాదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం ఆలస్యం లేకుండా సమీప పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల డీలరు వద్ద గాని జమచేయవలెను. రసీదు తీసుకొనుట మరువకండి. గుమాస్తా బుద్ధి, చెప్పకుండా ఉండలేను.

సెలవు.