ఇంటిలోని క్రిస్మస్ చెట్టు: లిఖిత ఆధారాలు ఏమంటున్నవి?

డిసెంబరు మాసము రాగానే మన సంఘాలలో కాపరులకు తప్పక ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది: "అయ్యగారూ, ఇంటిలో క్రిస్మస్ చెట్టు పెట్టుకోవచ్చా?" దీనికి మన వేదికలమీదనుండి రెండు రకాల జవాబులు వినబడుతుంటాయి. కొందరు యిర్మీయా 10వ అధ్యాయము తెరచి, అది నిమ్రోదు చెట్టు, ఇంటినుండి తీసివేయండి అంటారు. మరికొందరు, మార్టిన్ లూథరు ఒక చలిరాత్రి చెట్లమధ్య నక్షత్రాలను చూచి, ఇంటికి చెట్టు తెచ్చి కొవ్వొత్తులు వెలిగించాడని చెప్పి విశ్వాసులను సంతోషపెడతారు. చెట్టు పెట్టినా పెట్టకున్నా రక్షణకు లోటు లేదు. అయితే వేదికమీద చెప్పిన మాట నిజమా కాదా అన్నది కాపరికి చిన్న సంగతి కాదు.

మొదట యిర్మీయా మాట. అడవిలో చెట్టు నరుకుతారు, పనివాడు దానిని పనిముట్టుతో చెక్కుతాడు, వెండి బంగారములతో అలంకరించి కదలకుండా మేకులతో బిగిస్తారు. అంతవరకే చదివి ఆగితే అపార్థము కలుగుతుంది. తరువాతి వచనములో, అది పలుకలేదు, నడువలేదు, ఒకరు మోయవలసినదే అంటాడు ప్రవక్త. నడవలేదని చెట్టును ఎవరూ ఎగతాళి చేయరు గదా! ఇక్కడున్నది చెక్కిన బొమ్మ. యెషయా 44వ అధ్యాయములో కనబడే పని కూడా ఇదే. ఇక నిమ్రోదుకు ఈ చెట్టుతో సంబంధమున్నదని బైబిలు ఎక్కడా చెప్పదు. స్కాట్లాండు ఫ్రీ చర్చి పాదిరి అలెగ్జాండర్ హిస్లాప్ 1858లో విస్తరించి ప్రచురించిన 'రెండు బబులోనులు' అను గ్రంథము ఈ వాదనను బాగా ప్రచారములోనికి తెచ్చింది. బబులోనును ఐరోపా ఆచారాలతో కలపడానికి ఆయన వాడిన ఆధారాలలో ఎక్కువ భాగము పేర్ల పోలికలే. వాటిమీద ప్రసంగము కట్టడము ఇసుకమీద ఇల్లు కట్టడమే.

మరి లిఖిత ఆధారాలలో చెట్టు ఎక్కడ కనబడుతుంది? రైను నది ఎగువ లోయలోని ఆల్సేసు ప్రాంతములో. నేడు అది ఫ్రాన్సు దేశములో ఉన్నది. ఆనాడు జర్మను సామ్రాజ్యములోనిది. అక్కడి సెలెస్తా పట్టణపు 1521 నాటి లెక్కల పుస్తకములో, పండుగ దినాలలో చెట్లకు కాపలా ఉన్న అటవీ కావలివారికి 4 షిల్లింగులు ఇచ్చినట్లు వ్రాసియున్నది. చెట్లు కొట్టుకుపోయేవారున్నారు కనుకనే కాపలా అవసరమైనది. అదే సంవత్సరము డిసెంబరులో లూథరు వార్ట్‌బర్గు కోటలో దాగియుండి, క్రొత్త నిబంధనను జర్మను భాషలోనికి తర్జుమా చేయ మొదలుపెట్టాడు.

ఆ దగ్గరలోనే ఉన్న స్ట్రాస్‌బర్గు నగరమునుండి 1605 నాటి వర్ణన ఒకటి దొరికింది. వ్రాసినవాని పేరు లేదు. క్రిస్మస్‌కు అక్కడివారు ఇంటి ముందుగదిలో ఫర్ చెట్టు నిలిపి, రంగు కాగితాలతో చేసిన గులాబీలు, ఆపిల్ పండ్లు, పల్చని అప్పములు, బంగారు రేకులు, పంచదార మిఠాయిలు దానికి వ్రేలాడదీస్తారని అతడు చెబుతాడు. కొవ్వొత్తుల మాట అందులో లేదు. ఆపిల్ ఎందుకు? డిసెంబరు 24 ఆదాము హవ్వల దినముగా ఎంచబడేది. మధ్యయుగములో ఏదెను వృత్తాంతాన్ని నాటకముగా ఆడినప్పుడు పండ్లు కట్టిన పచ్చని చెట్టును నిలిపేవారు. ఇంటి చెట్టుకు ఆ నాటకపు చెట్టే పూర్వరూపమని చాలామంది చరిత్రకారులు తలుస్తారు. ఆపిల్ పతనమును, అప్పము ప్రభువు బల్లను జ్ఞాపకము చేస్తాయని వారి వివరణ. అది బలిపీఠము ప్రక్కన కాక కుటుంబము కూర్చునే గదిలో నిలిచిందన్నది నాకు ముఖ్యముగా తోస్తుంది. 1529లో వచ్చిన లూథరు చిన్న ప్రశ్నోత్తరి కూడా ఇంటి యజమాని తన ఇంటివారికి నేర్పవలసిన పుస్తకమే.

అయితే ఆ నగరములోనే దీనిని విమర్శించిన దైవజనుడున్నాడు. యోహాన్ కోన్రాడ్ డాన్‌హవర్ స్ట్రాస్‌బర్గులో వేదాంతాచార్యుడు, పెద్ద దేవాలయములో ప్రసంగికుడు. పయటిస్టు ఉద్యమానికి తండ్రియైన ఫిలిప్ యాకోబ్ స్పేనరుకు గురువు. 1640లలో వెలువడ మొదలైన ఆయన గ్రంథము పేరు 'ప్రశ్నోత్తరి పాలు'. జనులు క్రిస్మస్ దినాలలో వాక్యముకంటె ఎక్కువగా చిల్లర సంగతులతో కాలము గడుపుతున్నారని చెప్పి, బొమ్మలు, మిఠాయిలు కట్టి తరువాత దులుపుకొనే ఈ ఇంటి చెట్టును కూడా ఆ చిల్లర సంగతులలోనే చేర్చాడు. పిల్లలకు ఆత్మీయ దేవదారు వృక్షమైన క్రీస్తును చూపితే ఎంతో మేలు అన్నాడు. ఈ ఆచారము ఎక్కడనుండి వచ్చిందో తనకు తెలియదని కూడా వ్రాశాడు! ఆ నగరములో జీవించిన పండితుడు తెలియదన్న సంగతిని మూడున్నర శతాబ్దాల తరువాత మనము ఇంత నిశ్చయముగా ఎలా చెబుతున్నాము? ఆయన చెట్టును విగ్రహము అనలేదు. పిల్లల ఆట అన్నాడు; ఆ ఆట వాక్యానికి చెందవలసిన సమయాన్ని తినివేస్తున్నదన్నదే ఆయన బాధ. చెట్టును విమర్శించదలచిన కాపరికి హిస్లాప్‌కంటె ఈయన మంచి తోడు.

లూథరు కొవ్వొత్తుల కథకు ఆయన కాలపు ఆధారము లేదు. ఆయన 1546లో మరణించాడు. లూథరు కుటుంబము 1536లో వెలిగే చెట్టుచుట్టు కూర్చున్నట్లు చూపే ప్రసిద్ధ చిత్రాన్ని ష్వెర్డ్‌గెబుర్ట్ అనే చిత్రకారుడు చెక్కినది 1843లో. మన పుస్తకాలలో కనబడే బొమ్మలు ఎక్కువగా దాని సంతానమే.

జర్మను కుటుంబాల దాటి ఈ చెట్టు ప్రపంచానికి ఎక్కినది చాలా ఆలస్యముగా. జర్మనీలో పుట్టిన ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరేనాటికి ఇంగ్లాండులోని సామాన్య గృహాలకు ఇది ఇంకా అలవాటు కాలేదు. విక్టోరియా రాణి కుటుంబము చెట్టుచుట్టు నిలిచిన బొమ్మ 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్'లో వచ్చినది 1848లో. లూథరన్ మిషను మన తెలుగు నేలకు వచ్చి అప్పటికి ఆరేండ్లు. 1850లో ఒక అమెరికా పత్రిక రాణి తలమీది ఆభరణము తుడిచివేసి, అదే బొమ్మను తమ దేశపు కుటుంబముగా అచ్చువేసింది. రోములోని సెయింట్ పీటర్స్ ఆవరణలో చెట్టు నిలిచినది 1982లో, రెండవ జాన్ పాల్ పోపు కాలములో. మన కోస్తా ఊళ్లలో ఫర్ చెట్టు దొరకక సరుగుడు కొమ్మ నిలిపి రంగు కాగితాలు కట్టుకొనే కుటుంబాలున్నాయి. అంగడిలో కొన్న ప్లాస్టిక్ చెట్టుకంటె అదే స్ట్రాస్‌బర్గు గదికి దగ్గరి చుట్టము.