చిన్న విమానములో చోదకుని గది

టైడా కొండలలో వెదురు విరివిగా లభించును. వెదురు బద్దలను సన్నగా చీల్చి, పలుచని కాగితము నంటించి, రబ్బరు పట్టీని మెలిపెట్టి విడిచినచో చిన్న విమాన మెగురును. 1871లో ఆల్ఫోన్స్ పెనో అను ఫ్రెంచి యువకుడు పారిసు ఉద్యానమున ఇట్టి మెలిరబ్బరు బలముతోనే తన నమూనాను 11 సెకండ్లలో 40 మీటర్ల దూర మెగురవేసెను. అది ఎగురుటకై పుట్టిన బొమ్మ. అందు మనిషికి చోటు లేదు. ఆ చోటు ఎట్లు ఏర్పడినదో మన మిప్పుడు ముచ్చటింతము.

రెండవ ప్రపంచయుద్ధము నమూనాకు మరొక పని కల్పించెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వైచినవి. ఆకాశమున కానవచ్చు విమానము మనదా, పగవారిదా యని క్షణములో గుర్తించుట ప్రాణరక్షణకు సంబంధించిన విద్య యయ్యెను. ఆ సంవత్సరమే అమెరికా నౌకాదళము 5,00,000 నమూనాలు చేసి యిమ్మని ఆ దేశపు పాఠశాలల విద్యార్థులను కోరెను. ఆరడుగులకు ఒక అంగుళము కొలత. అనగా 72వ వంతు. వానికి నల్లరంగు పూసిరి. దూరమునుండి ఆకారము తెలిసిన చాలును గనుక లోపలి వివరములతో పని లేకపోయెను.

ఇంగ్లండున ఫ్రాగ్ సంస్థ 1936లోనే ప్లాస్టిక్ నమూనాలను అమ్మసాగెను. యుద్ధానంతర మవి ఇంటింట వ్యాపించినవి. కాని తొలినాటి వానిలో పెక్కింటియందు చోదకుని బొమ్మ తప్ప కాక్‌పిట్‌లో వేరేమియు లేదు. ఆ లోటును ఔత్సాహికులు తమ చేతులతో తీర్చుకొనిరి.

ఎనిమిది సెంటీమీటర్ల గడియారపు ముఖము ఈ కొలతలో ఒక మిల్లీమీటరునకు కొంచెము మించును. తెల్లని ప్లాస్టిక్ రేకునకు నల్లరంగు పూసి, ఆరిన పిమ్మట సూదిమొనతో గీకినచో అంకెల గీతలు తెల్లగా బయటపడును. పైన నొక వార్నిషు చుక్క పెట్టిన నదియే అద్దము. ప్లాస్టిక్ కాడకు కొవ్వొత్తి సెగ చూపి సాగదీసిన మీటలగును. ఫ్యూజు తీగ గొట్టములగును. సన్నని కాగితపు పేలికలు ఆసనపు పట్టీలగును.

ఇవి ఊహించి చేయదగినవి కావు. టైడాలో రైలెక్కి కొండ దిగినచో, విశాఖ సముద్రతీరమున మన నౌకాదళపు టి.యు. 142 విమానము కలదు. 1988 మొదలు 2017 వరకు ఇట్టి విమానములు మన సముద్రములను కాచినవి. 2017 డిసెంబరునుండి ఇది ప్రదర్శనశాల. సందర్శకులు లోనికేగి చూడవచ్చును. దీని పొడవు సుమారు 53 మీటర్లు. నమూనాలో 74 సెంటీమీటర్లు మాత్రమే.

సేవనుండి విరమించిన విమానము లన్నియు ఇట్లు నిలువవు. పెక్కు తుక్కుగా మారును. వెలుపలి ఆకారము ఛాయాచిత్రములలో మిగులును. చోదకు డెచ్చట కూర్చుండెనో, ఏ మీటకై చేయి చాచెనో తెలుపునది లోపలి గదియే. దానిని కొలిచి, చూచి, చేతితో చేసిన బాలుడు యంత్రముతోపాటు దానిని నడిపిన మనిషినిగూడ ఎరుగును. చరిత్ర పాఠమున కంతకన్న కావలసిన దేమున్నది?