ఉద్దానం తీరంలో మోటారు సైకిలు యాత్రలు

ఉద్దానం తీరంలో మోటారు సైకిలు యాత్రలు అనగా ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం, శ్రీకాకుళం జిల్లాలోని టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం పట్టణాల మీదుగా వెళ్ళే జాతీయ రహదారిపైన, దానికి తూర్పున సముద్రం వరకు వ్యాపించిన తోటల నడుమ ఉన్న పల్లె దారులపైన ద్విచక్ర వాహనాలతో చేసే దూర ప్రయాణాలు. గమ్యం చేరడం ఒక్కటే కాక ప్రయాణాన్నే ఆనందించడం, వాహనాన్ని స్వయంగా చూసుకోవడం, తోటి ప్రయాణికులతో కలిసి నడవడం ఈ యాత్రల ముఖ్య లక్షణాలు. ఆంగ్లం నుండి వచ్చిన "టూరింగ్" అనే మాట, ప్రయాణం చేసేవారిని "రైడర్లు" అనే మాట తెలుగులో వాడుకలో ఉన్నాయి.

ప్రాంతం

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కి.మీ. సముద్ర తీరం ఉంది. జిల్లా ఉత్తర భాగంలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలను కలిపి ఉద్దానం అంటారు. ఉద్యానవనం అనే మాట నుండి ఈ పేరు వచ్చిందని చెబుతారు. కొబ్బరి, జీడి, పనస, మామిడి తోటలు ఇక్కడ విస్తారంగా ఉన్నాయి. జంట పట్టణాలైన పలాస, కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమకు ప్రసిద్ధి చెందాయి. పడమటి వైపు తూర్పు కనుమలు, అందులో ఒడిషా రాష్ట్రం గజపతి జిల్లాలోని మహేంద్రగిరి (ఎత్తు 1,501 మీటర్లు), తూర్పు వైపు బంగాళాఖాతం ఉండటం వలన ఒక పూట ప్రయాణంలోనే కొండ, తోట, ఉప్పు మడి, సముద్రం చూడగలగడం ఈ ప్రాంతపు ప్రత్యేకత.

చరిత్ర

భారతదేశంలో మోటారు సైకిలుపై దూర ప్రయాణాల చరిత్ర బుల్లెట్ వాహనంతో ముడిపడి ఉంది. భారత సైన్యం అవసరాల కోసం దిగుమతి అయిన ఈ 350 సి.సి. వాహనాన్ని 1955 నుండి మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ తయారు చేయడం మొదలుపెట్టింది. మైసూరులో ఐడియల్ జావా కర్మాగారం 1961 నుండి 1996 వరకు జావా, యెజ్దీ వాహనాలను తయారు చేసింది. పాత బుల్లెట్లలో గేరు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు ఉండేవి. కాంటాక్ట్ పాయింట్లు, ట్యాపెట్లు తరచుగా సరిచేయవలసి వచ్చేది. అందువలన ఆనాటి రైడరు కొంత మెకానిక్కు కూడా అయి ఉండవలసి వచ్చేది. ఒకరి వాహనం ఆగితే అందరూ ఆగి బాగుచేసుకునే అలవాటుకు ఇది ఒక కారణం.

1985 ప్రాంతంలో జపాను సంస్థల సహకారంతో వచ్చిన 100 సి.సి. వాహనాలు తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం వెళ్ళి మధ్య తరగతికి అందుబాటులోకి వచ్చాయి. 2001లో బజాజ్ పల్సర్, 2003లో హీరో హోండా కరిజ్మా విడుదలయ్యాయి. స్వర్ణ చతుర్భుజి పథకంలో భాగంగా చెన్నై - కోల్‌కతా రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించడంతో విశాఖపట్నం నుండి ఉద్దానం వెళ్ళి అదే రోజు తిరిగి రావడం సులభమైంది. గతంలో 5వ నంబరుగా ఉన్న ఈ రహదారిని 2010లో జరిగిన పునర్వ్యవస్థీకరణలో 16వ నంబరు జాతీయ రహదారిగా మార్చారు. కంకర దారులకు అనువైన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 2016లో, హీరో ఎక్స్‌పల్స్ 200 2019లో వచ్చాయి.

తెలుగు మహిళలు కూడా ఈ రంగంలో పేరు తెచ్చుకున్నారు. హైదరాబాదుకు చెందిన జైభారతి నాయకత్వంలో నలుగురు మహిళలు 2018లో భారతదేశం, మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దేశాలలో సుమారు 17,000 కి.మీ. మోటారు సైకిళ్ళపై ప్రయాణించారు.

మార్గాలు

జాతీయ రహదారిపై దూరాలు సుమారుగా ఇలా ఉన్నాయి:

* విశాఖపట్నం - శ్రీకాకుళం: 110 కి.మీ.
* శ్రీకాకుళం - టెక్కలి: 50 కి.మీ.
* టెక్కలి - పలాస: 30 కి.మీ.
* పలాస - ఇచ్ఛాపురం: 60 కి.మీ.
* ఇచ్ఛాపురం - బరంపురం (ఒడిషా): 25 కి.మీ.

రహదారి నుండి చీలే ముఖ్యమైన దారులు:

* టెక్కలి పరిసరాలు: రావివలసలో పైకప్పు లేని ఎండల మల్లికార్జున స్వామి ఆలయం, తేలినీలాపురం పక్షుల విడిది కేంద్రం, నౌపడ ఉప్పు మడులు, భావనపాడు తీరం ఈ వైపు ఉన్నాయి. తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు సెప్టెంబరు ప్రాంతంలో వచ్చి మార్చి వరకు ఉంటాయి.
* పలాస పరిసరాలు: వజ్రపుకొత్తూరు మండలంలోని అక్కుపల్లి వద్ద శివసాగర్ తీరం ఉంది. దారి పొడవునా జీడి, కొబ్బరి తోటలు కనిపిస్తాయి.
* మందస: వాసుదేవ పెరుమాళ్ ఆలయానికి, పాలకోవాకు ప్రసిద్ధి.
* సోంపేట, బారువ: మహేంద్రతనయ నది బారువ వద్ద సముద్రంలో కలుస్తుంది.
* కవిటి: సోంపేట, ఇచ్ఛాపురం మధ్య కొబ్బరి తోటల నడుమ సాగే దారి.

నవంబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు ప్రయాణానికి అనువైన కాలం. ఏప్రిల్, మే నెలలలో ఎండ, ఉక్కపోత ఎక్కువగా ఉంటాయి. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినపుడు లక్షలాది కొబ్బరి, జీడి చెట్లు నేలకూలాయి, దారులు మూసుకుపోయాయి. వాతావరణ శాఖ హెచ్చరికలు ఉన్న రోజులలో తీరం వైపు యాత్రలు మానుకోవాలి.

వాహన సంరక్షణ

సముద్రపు గాలిలోని ఉప్పు తేమను పీల్చుకొని లోహంపై సన్నని పొరగా నిలుస్తుంది. ఈ పొర వలన ఇనుము సాధారణం కంటే త్వరగా తుప్పు పడుతుంది. చైను, స్పోకులు, సైలెన్సరు, బ్యాటరీ టెర్మినళ్ళు, నట్లు, బోల్టులు ముందుగా దెబ్బ తింటాయి. అందువలన తీరంలో తిరిగే వాహనానికి సాధారణ సర్వీసుతో పాటు కొంత అదనపు శ్రద్ధ అవసరం.

* కడగడం: తీర ప్రయాణం ముగిసిన రోజే మంచినీటితో కడిగి, పొడి గుడ్డతో తుడవాలి. చక్రాల బేరింగుల పైన, విద్యుత్తు కలపుల పైన నీటిని ఒత్తిడితో కొట్టరాదు. వేడిగా ఉన్న ఇంజనుపై చల్లని నీరు పోయరాదు.
* చైను: సుమారు ప్రతి 500 కి.మీ.కు, వానలోనో ఇసుకలోనో నడిపినపుడు అంతకు ముందే శుభ్రపరచి నూనె పట్టించాలి. రబ్బరు రింగులు ఉన్న చైనును పెట్రోలుతో కడిగితే ఆ రింగులు పాడవుతాయి. చైను వదులు ఎంత ఉండాలో వాహనంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. మరీ బిగుతుగా ఉన్నా ప్రమాదమే, బరువు పడినపుడు తెగిపోవచ్చు. ఇంజను నడుస్తుండగా చైనును ఎన్నడూ తుడవరాదు. గుడ్డతో పాటు వేళ్ళు స్ప్రాకెట్‌లోకి లాగబడి తెగిపోయే ప్రమాదం ఉంది. ఇంజను ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, చక్రాన్ని చేతితో తిప్పాలి.
* టైర్లు: గాలిని టైరు చల్లగా ఉన్నపుడు, ప్రయాణానికి ముందు చూడాలి. వెనుక మనిషి, సామాను ఉన్నపుడు వెనుక టైరుకు ఎక్కువ గాలి అవసరం. గాడులలోని అరుగుదల గుర్తుల వరకు అరిగిన టైరును మార్చాలి.
* స్పోకులు: చిన్న స్పానరుతో ఒక్కొక్క స్పోకును తట్టినపుడు బిగువుగా ఉన్నది గణగణమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది.
* బ్రేకులు: బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ద్రవం వేడెక్కినపుడు ఆవిరి బుడగలు ఏర్పడి బ్రేకు పట్టదు. సాధారణంగా రెండేళ్ళకు ఒకసారి దీనిని మార్చాలి.
* కేబుళ్ళు: క్లచ్, యాక్సిలరేటరు తీగలలో ఒక్క పోగు తెగినా తీగ మొత్తం మార్చాలి. దూర ప్రయాణాలలో క్లచ్ తీగ ఒకటి అదనంగా ఉంచుకోవడం ఆనవాయితీ.
* ఇంధనం: పెట్రోలులో కలిపే ఇథనాల్ తేమను పీల్చుకొనే గుణం కలది. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకంలోకి వచ్చింది. సగం నిండిన ట్యాంకుతో పాత వాహనాన్ని నెలల తరబడి కదలకుండా ఉంచితే ట్యాంకు లోపల తుప్పు పట్టవచ్చు.

వెంట ఉంచుకోవలసినవి: స్పానర్లు, స్పార్కు ప్లగ్గు, ఫ్యూజులు, అదనపు ట్యూబు లేదా పంక్చరు సామగ్రి, గాలి పంపు, క్లచ్ తీగ, టార్చిలైటు, ప్రథమ చికిత్స పెట్టె, త్రాగునీరు. రహదారిపై ఉన్న పట్టణాలలో పెట్రోలు బంకులు, మెకానిక్కులు దొరుకుతారు. తీర గ్రామాలలో అన్ని చోట్లా దొరకరు కనుక టెక్కలి లేదా పలాసలో ట్యాంకు నింపుకొని తీరం వైపు తిరగడం మంచిది.

సామూహిక ప్రయాణ పద్ధతులు

జట్టుగా వెళ్ళేవారిలో దారి తెలిసిన ఒకరు ముందు, అనుభవం, పనిముట్లు ఉన్న ఒకరు చివర ఉంటారు. కొత్తవారిని ముందు నడిచేవారి వెనుకనే ఉంచుతారు. జట్టు వేగం నెమ్మదిగా నడిపేవారి వేగమే. రహదారిపై ఎడమ, కుడి వరుసలుగా ఒకరి వెనుక ఒకరు కనీసం రెండు సెకన్ల ఎడంతో నడుస్తారు. ఇరుకైన పల్లె దారులలో ఒకే వరుసగా వెళ్ళాలి. మలుపు వచ్చినపుడు వెనుక వచ్చేవారు కనబడే వరకు ఆగడం వలన ఎవరూ దారి తప్పరు. ముందువారిని అందుకోవాలనే తొందరలో శక్తికి మించి నడపడం, అలసటను దాచుకోవడం జట్టు ప్రయాణాలలో పొంచి ఉండే ప్రమాదాలు. "నేను అలసిపోయాను" అని మొహమాటం లేకుండా చెప్పగలిగే వాతావరణం ఉన్న జట్టునే మంచి జట్టుగా భావిస్తారు.

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం నడిపేవారు, వెనుక కూర్చున్నవారు కూడా హెల్మెట్ ధరించాలి. 2019 సవరణ ప్రకారం హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు విధించవచ్చు. అదే సవరణతో చేర్చిన 134ఎ సెక్షను, ప్రమాద బాధితులకు సాయపడేవారికి చట్టపరమైన చిక్కుల నుండి రక్షణ కల్పించింది. అత్యవసర సమయంలో 108 అంబులెన్సును, జాతీయ రహదారిపై 1033 నంబరును పిలవవచ్చు.

వరి కోతల కాలంలో రైతులు పల్లె రోడ్లపై పంట నూర్చడం, ధాన్యం ఆరబోయడం సాధారణం. గడ్డిపై చక్రాలు జారుతాయి, గడ్డి చైనుకు చుట్టుకుంటుంది. అటువంటి చోట నెమ్మదిగా, ధాన్యం తొక్కకుండా పోవాలి. అది రైతు ఏడాది కష్టం.

స్థానికులు, పర్యావరణం

ఉద్దానంలో కారణం ఇంకా పూర్తిగా తేలని దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి అనేక కుటుంబాలను బాధిస్తున్నది. వంశధార నీటిని హిరమండలం జలాశయం నుండి గొట్టాల ద్వారా ఇక్కడికి తెచ్చే త్రాగునీటి పథకాన్ని, పలాసలో 200 పడకల మూత్రపిండాల ఆసుపత్రి, పరిశోధన కేంద్రాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. త్రాగునీటి విలువ ఇంతగా తెలిసిన గ్రామాలలో వీధి కొళాయిల వద్ద వాహనాలు కడగడం తగని పని. వాహనాన్ని ఇంటికి చేరిన తరువాత గాని, రహదారి పక్కన ఉన్న సర్వీసింగు కేంద్రాలలో గాని కడగాలి. రోగుల ఇళ్ళను, మనుషులను అనుమతి లేకుండా ఫోటోలు తీయరాదు. ఎండలో గంటల తరబడి నడిపేవారు కూడా దాహం వేసే వరకు ఆగకుండా నీరు త్రాగుతూ ఉండాలి. వైద్యుని సలహా లేకుండా నడుము నొప్పికి మాత్రలు వాడటం, ముఖ్యంగా శరీరంలో నీరు తగ్గినపుడు, మూత్రపిండాలకు హాని చేస్తుంది.

ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు శీతాకాలం చివరలో ఇసుకలో గుడ్లు పెడతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఇవి రక్షిత జీవులు. ఇసుకపై వాహనాలు నడిపితే పైకి కనబడని గూళ్ళు నలిగిపోతాయి. రాత్రివేళ హెడ్‌లైట్ల వెలుగుకు పిల్ల తాబేళ్ళు సముద్రం వైపు కాక ఎదురు దిశలో పోతాయి. కనుక రోడ్డు అంతమయ్యే చోటనే వాహనాలు నిలిపి, తీరానికి నడిచి వెళ్ళాలి. ఇది వాహనానికి కూడా మేలు. ఇసుకలో సైడుస్టాండు దిగబడి బండి పడిపోవడం, చైనులో ఇసుక చేరి అరగడం తప్పుతాయి. తేలినీలాపురం వంటి చోట్ల హారను మోగించడం, ఇంజను శబ్దం పెంచడం వలన గూళ్ళలోని పక్షులు బెదురుతాయి.

యాత్రికులు గ్రామాల హోటళ్ళలో భోజనం చేయడం, పలాస జీడిపప్పు, మందస కోవా వంటివి కొనడం వలన స్థానికులకు కొంత ఆదాయం లభిస్తుంది. తోటలలోని కాయలు యజమానిని అడగకుండా కోయరాదు. కొబ్బరి మొక్క నాటిన తరువాత కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. తిత్లీ తుపానులో తోటలు పోగొట్టుకొని మళ్ళీ నాటుకున్న కుటుంబాలకు ఒక్కొక్క చెట్టూ ఆస్తియే.

ఇవి కూడా చూడండి

* ఉద్దానం
* పలాస కాశీబుగ్గ
* టెక్కలి
* తేలినీలాపురం
* బారువ
* జాతీయ రహదారి 16
* తిత్లీ తుపాను